ముప్ఫైరెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది

పాత కేంద్రం, మిషను గది వసారా
బుధవారం

పిచ్చుకా,

నువ్వు వెళ్లి నాలుగు రోజులైంది. నాకు నలభై రోజుల్లా ఉంది. మొదటి ఉత్తరంలో మంచి కబురు రాద్దామనుకున్నాను. ఏం చేసేది, నీ మిషను నిన్న పొద్దుటి నుంచీ లేవడం లేదు.

నువ్వు నేర్పినట్టే చేశాను. ఎనిమిదింటికి గది తాళం తీశాను, మెయిను వేశాను, వంద లెక్కపెట్టాను, బొత్తాం నొక్కాను. దీపం వెలిగింది. తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పైకి పోయాయి. ఆ తరవాత నీలం తెర వచ్చి కొలతల పట్టీ తెరుచుకోవాలి కదా, అది రాలేదు. నల్ల తెర మీద మూడు వరసలు రాసి ఊరుకుంది. ఆపి మళ్లీ వేశాను. మళ్లీ అవే మూడు వరసలు. 

తొమ్మిదింటికల్లా బయట బెంచీలు నిండిపోయాయి. పెట్టుడు కాలు చేయించుకోవడానికి వచ్చినవాళ్లని కొలతలు లేవు, వెళ్లిపొమ్మంటే ఎలా వెళతారు. పాత కొలతల కాగితాలన్నీ ఇక అక్కర్లేదని సూపర్వైజరు గారు మొన్ననే తగలబెట్టించారు. ఆయన మొహం చూడాలి, మండుతున్న పొయ్యిలా ఉంది. "ఆ అమ్మాయి వెళ్లీ వెళ్లకముందే పడుకుందే ఇది, పోతూ పోతూ ఏం చేసిపోయింది" అన్నాడు. నా చెవులు అంతంతమాత్రం కదా, వినపడదులే అనుకుని నా పక్కనే గట్టిగా అన్నాడు.

ఫోను చెయ్యకు. అందులో నాకు గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. కాళ్ల అచ్చులు మోసే వ్యాను సోమ, బుధ, శుక్రవారాలు అక్కడికి వస్తుంది, మర్నాడు తిరిగొస్తుంది. డ్రైవరుకి ఇస్తే నాకు చేరుతుంది.

కొలతలన్నీ పోయాయా? అక్కడ నీ గదిలో చలి ఎక్కువా? నీకు దగ్గు తగ్గిందా? భోజనం చేశావా?

అత్త

*

కొత్త కేంద్రం
గురువారం

అత్తా,

కొలతలు పోలేదు. డిస్కులో భద్రంగా ఉంటాయి. డేటాబేసు లేవడం లేదు, అంతే. కంగారు పడకు.

ఆ మూడు వరసలూ ఏమిటో చూసి రాయి. నీకు అర్థం కానక్కర్లేదు. బొమ్మ గీసినట్టు ఒక్కో అక్షరం దించు. అవి లేకుండా ఇక్కడ కూర్చుని నేను గుడ్డిగా చెప్పలేను. ఎవరూ ఏ సెట్టింగూ మార్చవద్దని సూపర్వైజరు గారికి చెప్పు.

పిచ్చుక

*

పాత కేంద్రం, మెట్ల కింద
శుక్రవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం చూడగానే పెన్సిలు పట్టుకుని తెర ముందు కూర్చున్నాను. మూడో తరగతి చదువుతో నాకు మన అక్షరాలే సాగదీస్తే గానీ రావు, ఇక ఆ అక్షరాలు రాయాలంటే ముగ్గు వేసినంత సేపు పట్టింది. వెనకాల కాగితం మీద ఉంది చూడు. ఆ గీత ఒకటి అంకో, ఎల్ అక్షరమో నాకు తెలియలేదు, రెండు రకాలుగానూ గీశాను.

నిన్న పెద్దాఫీసు నుంచి మరమ్మతు ఆయన వచ్చాడు. పొడుగాటి మనిషి, మెడలో కార్డు. వచ్చినవాడు వచ్చినట్టే మిషను ఆపి వేశాడు. లేవలేదు. టీ తాగాడు. ఆపి వేశాడు. సాయంత్రానికి పదకొండు సార్లయింది, నేను లెక్కపెట్టాను. మన పిండి బాబాయి ఆయనకి రీస్టార్టు అని పేరు పెట్టేశాడు. నీకు తెలుసుగా ఆయన నోరు, ఒళ్లంతా ప్లాస్టరు పిండి కొట్టుకుని అచ్చుల గదిలోంచి తొంగి చూసి, "ఏమయ్యా, దాన్ని లేపుతున్నావా, నిద్రపుచ్చుతున్నావా" అని అడిగాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

వెళ్లేముందు రీస్టార్టు సూపర్వైజరు గారితో, "ఇరవై నాలుగు పెట్టి వెళ్లింది మీ అమ్మాయి, ఎవరినడిగి పెట్టింది" అన్నాడు. ఇరవై నాలుగు అంటే ఏమిటి? నాకేం బోధపడలేదు. దాన్ని ఇరవై చేశానన్నాడు. అయినా లేవలేదు. మరి నువ్వు ఎవరూ మార్చవద్దన్నావు. నీ ఉత్తరం వచ్చేసరికే మార్చేశాడు, నేను ఆపలేకపోయాను.

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నువ్వు వేళకి తింటున్నావా?

అత్త

*

కొత్త కేంద్రం
శనివారం

అత్తా,

నువ్వు గీసి పంపింది తెర కింద మూల ఉండే తేదీ, గంట, ఆ మిషను తయారు చేసినవాళ్ల పేరు. అంత కష్టపడి అదా దించేది. మూడు వరసలు మధ్యలో ఉంటాయి.

అయినా ఇక అవి అక్కర్లేదు. రీస్టార్టు రిపోర్టు నాకూ పంపారు. వాటి అర్థం అందులో ఉంది: మెమరీ, అంటే మిషను జ్ఞాపకం, చాలడం లేదు, అందుకని లేవలేను. అలా ఎలా అంటుంది? మిషనులో ముప్ఫైరెండు జీబీ ఉంది. నేను డేటాబేసుకి ఇరవై నాలుగు ఇచ్చాను, ఎనిమిది మిగతా పనులకి వదిలాను. ఇరవైకి తగ్గించినా లేవలేదంటే తప్పు నా అంకెలో లేదు. ఈ మాట వాళ్లకి నాలుగు సార్లు రాశాను. గోడకి చెప్పినట్టుంది. "మిషనులో ముప్ఫైరెండు ఉందో లేదో చూశారా" అని అడిగితే, "ఉంది, చూశాం" అన్నారు.

నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పకపోతే ఇంకెవరైనా చెబుతారు. తప్పు నాదే అని పెద్దాఫీసు అనుకుంటోంది. ఈ సోమవారం కాదు, పై సోమవారం అక్కణ్ణుంచి ఒకాయన మీ దగ్గరికి వచ్చి మిషను చూస్తాడు. నన్ను రావద్దన్నారు, మిషను ముట్టుకోవద్దన్నారు. నేను చెప్పుకోవలసింది కాగితం మీద రాసి ముందు శనివారంలోగా పంపాలట. రెండేళ్లు తాత్కాలికంగా చేశాక ఇచ్చిన ఈ ఉద్యోగానికి ఆరు నెలల పరీక్ష గడువు ఇంకా పూర్తి కాలేదు. తప్పు నాదని తేలిస్తే తీసేస్తారు. తీసేస్తే ఈ పని ఇంకెక్కడా చెయ్యలేను, ఏ ఆఫీసయినా ముందు అడిగేది అదే.

తిండి గురించి అడగకు. విసుగొస్తోంది.

పిచ్చుక

*

పాత కేంద్రం, మిషను గది వసారా
సోమవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. మొదటిసారి కళ్లు తిరిగాయి. రెండోసారి ఏడుపొచ్చింది. మూడోసారి వంటింట్లో గిన్నెలన్నీ మళ్లీ తోమాను.

నిన్ను తీసేస్తారా? రాత్రీ పగలూ ఆ మిషనుతోనే ఉన్నావు, నీళ్లు కూడా తాగకుండా. దానికి ఒక్క మాట మంచిగా రాయరా వాళ్లు?

శనివారం రీస్టార్టు మళ్లీ వచ్చాడు. ఇరవైకి తగ్గిస్తే లేవలేదు కాబట్టి బహుశా తక్కువైందేమో అని ఈసారి ఇరవై ఎనిమిదికి పెంచాడు. అదీ లేవలేదు. నాకే అనిపించింది, నీళ్లు పొంగుతుంటే మంట పెంచుతాడేమిటి ఈయన అని. నేనెవరిని చెప్పడానికి.

తాపీమేస్త్రి మూడోసారి వచ్చాడు. ఆయన పెట్టుడు కాలికి మొండికాలు దూర్చే గిన్నె పగిలింది, తాడు కట్టుకుని నడుస్తున్నాడు. కొలత ఇస్తే రెండు రోజుల్లో చేసివ్వచ్చు. పిండి బాబాయి మళ్లీ అచ్చు తీస్తానంటే సూపర్వైజరు గారు వద్దన్నారు, మిషను లేచాక చూద్దామన్నారు. మేస్త్రి నావైపు చూసి, "నా కాలు మీ పెట్టెలో ఇరుక్కుందమ్మా, నన్నేమో ఇంటికి పొమ్మంటారు, దేనితో పొమ్మంటారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. 

పిచ్చుకా, తప్పు ఇంకెవరిదైనా అయితే వాళ్లనేం చేస్తారు? అంటే, ఊరికే అడుగుతున్నాను. తెలియక చేసినవాళ్లదైతే?

దగ్గుకి వేడినీళ్లు తాగు.

అత్త

*

కొత్త కేంద్రం
మంగళవారం

అత్తా,

ఇరవై ఎనిమిదా? ఆయన్ని ఏమనాలో తెలియడం లేదు.

నీకు అర్థమయ్యేలా చెబుతాను, ఎందుకంటే అక్కడ నా మాట వినేది నువ్వొక్కదానివే. మిషనులో ముప్ఫైరెండు కుర్చీలు ఉన్నాయనుకో. డేటాబేసు లేవగానే తన మనుషుల కోసం ఇరవై నాలుగు కుర్చీలు ముందే పట్టి పెట్టుకుంటుంది. అన్నీ దొరికితేనే లోపలికి వస్తుంది. ఒక్కటి తగ్గినా గుమ్మంలోంచే వెనక్కి పోతుంది. ఇరవై అడిగినా వెనక్కి పోయిందంటే కుర్చీలు ఇరవై కూడా లేవు. అంటే ముప్ఫైరెండు లేదు. కానీ ఉందంటున్నారు. ఇక్కడే నా బుర్ర పనిచెయ్యడం లేదు.

నువ్వు రోజూ ఒక అంకె రాసేదానివి, గుర్తుందా? మిషను పెట్టిన కొత్తలో నువ్వు భయపడుతుంటే, పొద్దున్నే తెల్ల అక్షరాల్లో కనబడే అంకె చూసుకో, అది కనబడితే మిషను బతికున్నట్టే అని నీ నోరు మూయించడానికి చెప్పాను. నువ్వేమో నాడి చూసినట్టు రెండేళ్లుగా నోటుబుక్కులో రాస్తున్నావు. అది మిషను తన కుర్చీలు తానే, కుర్చీకి వెయ్యిన్ని ఇరవై నాలుగు చొప్పున, లెక్కపెట్టుకుని చెప్పే అంకె. స్టిక్కరు అబద్ధం చెప్పచ్చు, అది చెప్పదు. ఈ నెల పేజీ చింపి పంపు.

పిచ్చుక

*

పాత కేంద్రం
బుధవారం

పిచ్చుకా,

పేజీ పంపుతున్నాను. చూడు, అన్నీ ఒకేలా ఉన్నాయి. 32768, 32768, 32768. నువ్వు వెళ్లిన శనివారం 32768. సోమవారం 32768. మంగళవారం నుంచి మిషనే లేవలేదు కదా, రాయడానికేముంది.

వాన పట్టింది. వసారా అంతా బురద. మేస్త్రి ఇవాళ రాలేదు.

అత్త

*

కొత్త కేంద్రం
గురువారం

అత్తా,

నాతో ఆడుకుంటున్నావా?

అంకె వచ్చేది డేటాబేసు లేవకముందు. తెల్ల అక్షరాలు గబగబా పైకి పోయాయని మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. ఆ అక్షరాల్లోనే ఉంటుంది అంకె. వానొచ్చినా జ్వరమొచ్చినా ఆదివారం తప్ప ఒక్కరోజు మానకుండా రాసినదానివి, మిషను పడుకున్న రోజునే మానేశావా? నువ్వు పంపింది సోమవారంతో అయిపోయిన పేజీ. తరవాతి పేజీ ఏది?

పంపకపోయినా నాకు తెలిసినట్టే ఉంది. ఆ మిషనులో పదహారేసి కుర్చీల పట్టీలు రెండుంటాయి. ఒకటి లెక్కలోకి రావడం లేదు. రీస్టార్టు మూత తీసి ఉండడు, పెట్టె మీద అతికించిన స్టిక్కరు చూసి ముప్ఫైరెండు అని రాసి ఉంటాడు. దానంతట అది ఒక్క పూటలో చచ్చిపోదు. ఎవరో తీశారు.

గది తాళంచెవులు రెండే. ఒకటి నీ దగ్గర, ఒకటి పిండి బాబాయి దగ్గర. నువ్వు చీపురు పుల్ల కూడా అడగకుండా తియ్యవు. ఆయన మంచివాడే, చిన్నప్పుడు నన్ను భుజం మీద తిప్పాడు, నాకు తెలుసు. కానీ ఇంకెవరున్నారు? శనివారం సాయంత్రం నా కాగితం వెళ్లాలి. అందులో ఆయన పేరు రాస్తాను. రాయడానికి నాకేమీ సరదాగా లేదు. రాయకపోతే నేను పోతాను.

పిచ్చుక

*

పాత కేంద్రం, మెట్ల కింద
శుక్రవారం

పిచ్చుకా,

ఆయన పేరు రాయకు. ముందు ఈ ఒక్క మాట చదువు, మిగతాది తరవాత చదువు. ఆయన పేరు రాయకు.

నేను తీశాను.

నువ్వు వెళ్లేటప్పుడు బస్సు మెట్టు మీద నిలబడి ఏమన్నావు? "అత్తా, దీనికి దుమ్మే శత్రువు, దుమ్ము చేరకుండా చూడు" అన్నావు. ఆ మాట నా నెత్తిమీద పెట్టావు. సోమవారం సాయంత్రం మిషను ఆపి గది తుడుస్తుంటే పెట్టె వెనక చిల్లుల్లోంచి తెల్లగా కనబడింది. ప్లాస్టరు పిండి. అచ్చుల గదిలోంచి ఎంత గుడ్డ కట్టినా వస్తూనే ఉంటుంది కదా. చేత్తో ముట్టుకుంటే పెట్టె వెచ్చగా ఉంది.  ఇది అంటుకుంటే నీ పేరు పోతుంది, నువ్వు లేవు, ఉన్నది నేనొక్కదాన్ని అనుకున్నాను.

పక్క మూతకి రెండు మరలు. నువ్వు తీస్తుంటే ఎన్నిసార్లు చూశానో. తీశాను. లోపల పిండి పేరుకుని ఉంది. పిండి బాబాయి మెత్తటి బ్రష్షు అడిగి తెచ్చుకుని, పసిపిల్లకి తల దువ్వినట్టు దువ్వాను. పచ్చ పలక మీద దువ్వెనల్లాంటివి రెండు నిలబడి ఉన్నాయి. ఒకదాని మొదట్లో పిండి ఇరుక్కుంది. బ్రష్షు దూరలేదు. కొంచెం పైకి లాగాను. మొత్తం చేతిలోకి వచ్చేసింది.  తుడిచి మళ్లీ అక్కడే గుచ్చాను. నిలబడింది. నిలబడింది కదా అని మూత బిగించాను.

మర్నాడు తెర మీద 16384 అని వచ్చింది. నేను రాశాను పిచ్చుకా.  రోజూ రాశాను. తరవాతి పేజీ ఇదిగో, ఇందులో పెడుతున్నాను. అన్నీ 16384. అబద్ధం అంకె రాయలేకపోయాను, నిజం పేజీ పంపలేకపోయాను.

ఎందుకు చెప్పలేదంటావు. మొదటిరోజు, రీస్టార్టు వచ్చి బాగు చేసేస్తాడులే, ఎవరికీ తెలియదులే అనుకున్నాను. తరవాత నీ ఉద్యోగం మీదికి వచ్చాక, ఇంక ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటావని భయం. ఒక్కో రోజు గడిచేకొద్దీ నోరు ఇంకా బిగుసుకుపోయింది. ఎనిమిదేళ్ల పిల్లప్పుడు నువ్వు నా గాజు సీసా పగలగొట్టి మూడు రోజులు మంచం కింద దాచావు. అప్పుడు నిన్నెంత తిట్టానో. నిన్ను నేను తిట్టినదంతా ఇప్పుడు నన్ను తిట్టు.

పిండి బాబాయి ఈ పూట కూడా వచ్చి, "నీ మేనకోడలి మీదికి మాట రానివ్వకూడదు, నన్నేం చెప్పమంటావో చెప్పు, చెబుతాను" అన్నాడు. నాకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

అత్త

*

కొత్త కేంద్రం
శనివారం

అత్తా,

నిన్న సాయంత్రం నీ ఉత్తరం చదివాను. కోపం ఎవరి మీదో తెలియలేదు. పన్నెండు రోజులు. ఒక్క ముక్క రాసి ఉంటే మొదటి గురువారమే అయిపోయేది. అది నేను మర్చిపోను, నువ్వూ మర్చిపోకు.

ఇప్పుడు నా సంగతి విను. ఇరవై నాలుగు అని నేను పెట్టింది వెళ్లడానికి వారం ముందు. అంతకుముందు పన్నెండే ఉండేది. కాళ్ల బొమ్మలు తెరుచుకోవడం ఆలస్యమవుతోందని పెంచాను. సూపర్వైజరు గారికి చెప్పలేదు, రిజిస్టరులో రాయలేదు. రాస్తే అనుమతి అంటారు, నెల తిప్పుతారు. పన్నెండే ఉండి ఉంటే నువ్వు పట్టీ పీకినా మిషను లేచేది, పదహారు కుర్చీల్లో పన్నెండు దొరికేవి. నువ్వు పీకకపోతే నా ఇరవై నాలుగుతోనూ లేచేది. నీదొక్కటే అయినా లేచేది, నాదొక్కటే అయినా లేచేది. మనిద్దరివీ కలిశాయి. దుమ్ము శత్రువని చెప్పినదాన్ని, మూత తీయవద్దని చెప్పలేదు. అదీ నాదే.

పిండి బాబాయి పేరు రాయలేదు. రాయబోయానని ఆయనకి చెప్పకు.

సోమవారం ఎనిమిదింటికే చెయ్యి. మెయిను ఆపు. గోడ ప్లగ్గు కూడా పీకు. మూత తీసి, ముందు పెట్టె ఇనప అంచుని చేత్తో ముట్టుకో. నువ్వు పీకిన పట్టీకి రెండు చివర్లా తెల్ల కొక్కేలు ఉంటాయి. వాటిని బయటికి వంచి పట్టీ తియ్యి. అడుగున గాడిలో పిండి లేకుండా పొడి బ్రష్షుతో దులుపు. పట్టీ అంచులో ఒక నొక్కు ఉంటుంది, గాడిలో గట్టుకి సరిపోయేలా పెట్టి, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా ఒకేసారి నొక్కు. బలంగా. పిల్లకి దువ్వినట్టు కాదు. కొక్కేలు వాటంతట అవే లేచి పట్టుకుంటాయి. అప్పుడు టక్కుమంటుంది. నీకు వినపడదు. ఆ రోజు వినపడకే ఆగిపోయి ఉంటావు. వేళ్లకి తెలుస్తుంది.

తరవాత మిషను వేసి అంకె చూడు. ఎవరికీ చెప్పకు. ఆ పెద్దాఫీసు ఆయన వచ్చేసరికి లేచి కూర్చుంటే చాలు. అడిగితే నీకేమీ తెలియదు.

పిచ్చుక

*

పాత కేంద్రం, మిషను గది వసారా
సోమవారం, మధ్యాహ్నం

పిచ్చుకా,

నీ మాట సగం విన్నాను, సగం వినలేదు.

పొద్దున్నే గది తాళం తీశాను. మెయిను ఆపాను, ప్లగ్గు పీకాను. మూత మరల మీద చెయ్యి వేశాను, ఆగాను. ఎవరికీ చెప్పకుండా ఇది లేచిందనుకో, ఏమంటారు? రీస్టార్టు పదకొండుసార్లు ఆపి వేసిన పుణ్యం అంటారు. నువ్వు పాడుచేసి పోయావన్నది అలాగే ఉండిపోతుంది. లేచిన మిషను నీ తరఫున మాట్లాడదు కదా. అందుకని కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చున్నాను.

పదింటికి వచ్చారు. సూపర్వైజరు గారు, రీస్టార్టు, పెద్దాఫీసాయన. ఆయన పొట్టిగా, కళ్లజోడు మీదుగా చూస్తాడు.

"ఎవరీవిడ?" అన్నాడు.

"ఊడ్చే మనిషండీ, పక్కకి జరుగుతుంది" అన్నాడు సూపర్వైజరు గారు.

నేను జరగలేదు. "అయ్యా, దీన్ని పాడు చేసింది నేను. ముందు ఆ మాట రాసుకోండి, తరవాత బాగు చేస్తాను" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది, అంటే అరిచే ఉంటాను.

సూపర్వైజరు గారు నా చెయ్యి పట్టుకోబోయాడు. "ఈవిడ ఆ అమ్మాయి మేనత్తండీ, దానికోసం ఏదో" అంటున్నాడు. నోటుబుక్కు పెద్దాఫీసాయన చేతిలో పెట్టాను. ఆయన పేజీలు తిప్పాడు. తిప్పి, తిప్పి, మంగళవారం దగ్గర ఆగాడు. నువ్వు చింపమన్న పేజీలు లేవు కదా, కానీ నేను మళ్లీ రాసిపెట్టాను, నాకు అన్నీ నోటికి వచ్చు.

ఆయన రీస్టార్టుని, "మీరు ముప్ఫైరెండు అని రాశారు, లోపల చూశారా?" అని అడిగాడు.

"స్టిక్కరు మీద ఉందండీ" అన్నాడు రీస్టార్టు.

"స్టిక్కరుతో నడుస్తుందా మిషను?" ఆ మాట పిండి బాబాయిది. అచ్చుల గది గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చాడో.

మూత తీశాను. ఇనప అంచు ముట్టుకున్నాను. రీస్టార్టు నేను చేస్తానంటూ చెయ్యి చాపాడు, పెద్దాఫీసాయన వద్దన్నాడు. గాడి దులిపాను. నొక్కు సరిచూసి పెట్టాను. పిండి బాబాయి ఒక పక్క కొక్కేనికి దీపం పట్టుకున్నాడు. రెండు బొటనవేళ్లతో నొక్కాను. భయం వేసింది, విరుగుతుందేమోనని. పిల్లకి దువ్వినట్టు కాదన్నావు కదా. ఇంకా నొక్కాను. అప్పుడు తెలిసింది పిచ్చుకా. వేళ్లలోంచి మోచేతి దాకా వచ్చింది. అందరూ తలలు ఎత్తారు, వాళ్లకి వినపడినట్టుంది.

ప్లగ్గు పెట్టాను, మెయిను వేశాను. వంద లెక్కపెట్టాను. పెద్దాఫీసాయన ఎందుకు ఆగారన్నాడు. మా పిల్ల అలా చెప్పింది అన్నాను. బొత్తాం నొక్కాను. తెల్ల అక్షరాలు పోయాయి. అందులో అంకె: 32768. అరనిమిషానికి నీలం తెర వచ్చింది. 

మేస్త్రి బయట బెంచీ మీదే ఉన్నాడు. ఆయన కొలతే ముందు తీశారు.

తరవాత సూపర్వైజరు గారు నన్ను పిలిచి, మిషను గది తాళంచెవి ఇవ్వమన్నాడు. ఇచ్చాను. ఇన్ని రోజులు దాచినదానివి, నీ చేతిలో గది ఎలా పెట్టనమ్మా అన్నాడు.  ఊడవడం మాత్రం ఉంది. ఇప్పుడు బొడ్డున చెయ్యి పెట్టుకుంటే తాళంచెవి లేదు, ఒట్టిగా ఉంది.

నీ మీద ఏం తేల్చారో నాకు చెప్పలేదు. ఒక్క మాట రాయి, త్వరగా రాయి.

అత్త

*

కొత్త కేంద్రం
మంగళవారం

అత్తా,

చెప్పకు అన్నానా లేదా? నీకు ఒక్క మాట వినపడదు, కాగితం మీద రాసినా వినపడదు.

నా కాగితంలో ఇరవై నాలుగు సంగతి, రిజిస్టరులో రాయని సంగతి నేనే రాశాను. పెద్దాఫీసాయన ఫోను చేశాడు. హెచ్చరిక కాగితం ఇస్తారు. తీసెయ్యరు. నువ్వు ముందే అరిచి చెప్పి ఉండకపోతే నేను రాసింది కూడా సాకులాగే ఉండేదన్నాడు. నీ నోటుబుక్కు ఆయన తీసుకెళ్లాడట. అన్ని కేంద్రాల్లోనూ పొద్దున్నే ఆ అంకె రాయాలని ఉత్తర్వు వేస్తారట. రీస్టార్టు కూడా రాయాలి.

ఇప్పటికి పన్నెండే పెట్టమన్నాను. బొమ్మలు నెమ్మదిగా వస్తాయి. రానీ.

తాళంచెవి సంగతి విన్నాక నిద్ర పట్టలేదు. దాని కోసం నేను రాస్తాను వాళ్లకి. వినరు. అయినా రాస్తాను.

తిన్నాను. రెండు పూటలా. దగ్గు తగ్గింది. ఇప్పుడైనా అడగడం మానకు.

పిచ్చుక

*

పాత కేంద్రం, మిషను గది గుమ్మం బయట
బుధవారం

పిచ్చుకా,

ఇప్పుడు పొద్దున్నే తాళం తీసేది పిండి బాబాయి. నన్ను లోపలికి రానివ్వకూడదట. ఆయన తలుపు బార్లా తెరిచి, తెర నావైపు తిప్పి, పిండి దులుపుకోవడానికి బయటికి వెళ్లిపోతాడు. నిన్నా అంతే, ఇవాళా అంతే. మరీ అంత పిండి ఏముంటుంది ఆయన ఒంటి మీద.

గడప దాటలేదు. కొత్త నోటుబుక్కు పెట్టాను.

32768.

భోజనం చేశావా?

అత్త